వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, ఎవరో పంపితే వచ్చేవాళ్లు

బ్లాగుకు చదివేవాళ్లను తెచ్చుకోవడానికి ఏ సోషల్ మీడియాలో ఉండాలి, అక్కడ ఏం చేయాలి అని అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. పేర్లు తీసేసి ఊళ్లు ఉంచాం. మరీ పెద్ద ఉత్తరాలను కుదించాం.

ప్రశ్న: ఏడాదిగా వంటల బ్లాగు రాస్తున్నాను. పచ్చళ్లు, పొడులు, పండగ పిండివంటలు ఎక్కువ. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, యూట్యూబ్, టెలిగ్రామ్, పింటరెస్ట్, వాట్సాప్ అన్నిట్లోనూ ఉన్నాను. వండి, ఫొటోలు తీసి, రాసేసరికి ఒక పూట పోతుంది. అన్నిట్లో పెట్టేసరికి ఇంకో పూట. అయినా బ్లాగుకు రోజుకు ముప్ఫై నలభై మందికి మించి రావడం లేదు. ఏది ఉంచుకోవాలి, ఏది మానేయాలి?
– గృహిణి, తణుకు

జవాబు: రెండు ఉంచుకుని మిగతావి మానేయండి. ఏ రెండన్నది మీరు రాసే వంటలే చెబుతాయి.

బ్లాగుకు మనుషులు రెండు దారుల్లో వస్తారు. కావలసింది వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కొందరు, ఎవరో పంపితే వచ్చేవాళ్లు కొందరు. ఆవకాయకు కారం, ఉప్పు, ఆవపిండి పాళ్లెంత అన్నది మామిడికాయల రోజుల్లో జనం వెతికే విషయం. అత్తగారి ఆవకాయ జాడీ గురించి రాస్తే అది ఒకరు చదివి చెల్లెలికి పంపే విషయం. మీరు రాసేవి పచ్చళ్లు, పొడులు, పిండివంటలు, అంటే జనం కొలతలు, పాళ్లు వెతికే వంటలు కాబట్టి మీకు మొదటి చోటు పింటరెస్ట్, రెండోది వాట్సాప్.

పింటరెస్ట్‌ను సోషల్ మీడియా అంటారు గానీ, అది బొమ్మలు చూసుకుంటూ వెతుక్కునే చోటు. మీకు ఫాలోయర్లు పాతికమందే ఉన్నా మీ పిన్ (అక్కడ పెట్టే బొమ్మను అలా అంటారు) ఎవరెవరికో కనబడుతుంది. ఫేస్‌బుక్ పోస్టు రెండు మూడు రోజుల్లో కిందికి జారిపోతుంది. ఈ సంక్రాంతికి పెట్టిన అరిసెల పిన్ పై సంక్రాంతికి కూడా మనుషుల్ని తేగలదు. నొక్కితే నేరుగా మీ పేజీకే వెళ్తుంది.

ఖాతాను బిజినెస్ ఖాతాగా మార్చుకోండి, డబ్బేమీ కట్టక్కర్లేదు. సొంత డొమైన్ (మీ పేరున కొనుక్కున్న వెబ్ చిరునామా) ఉంటే సెట్టింగుల్లో దాన్ని మీదిగా క్లెయిమ్ చేసుకోండి. బొమ్మ నిలువుగా ఉండాలి: వెడల్పు 1000, ఎత్తు 1500 పిక్సెళ్లు. ఫోన్ అడ్డంగా పట్టి తీసిన ఫొటో పెడితే నిలువు బొమ్మల మధ్య అది అగ్గిపెట్టెలా కనబడుతుంది, ఎవరి కన్నూ ఆగదు. ఒక్కో వంటకు వేర్వేరు ఫొటోలతో రెండు మూడు పిన్లు చేసి, వారానికొకటి చొప్పున వదలండి. బొమ్మ మీద వంట పేరు తెలుగులో పెద్దగా రాయండి. కింద వివరణలో మాత్రం అదే పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా, రెండు మూడు స్పెల్లింగుల్లో రాయండి. తెలుగు హాయిగా చదివేవాళ్లలో కూడా చాలామంది వెతికేటప్పుడు ‘గుత్తి వంకాయ’ను ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. పండగ వంటలను పండగకు నెలన్నర ముందు పెట్టాలి. భోగి నాడు పెట్టిన అరిసెల పిన్ ఆ ఏడాదికి దండగే. పింటరెస్ట్ లెక్కల్లో ‘ఇంప్రెషన్స్’ (పిన్ ఎన్నిసార్లు కనబడిందన్న లెక్క) వేలల్లో కనబడి మురిపిస్తాయి. మీకు కావలసింది ‘ఔట్‌బౌండ్ క్లిక్స్’, బ్లాగు వైపు వచ్చినవాళ్ల లెక్క అదొక్కటే.

ఇన్‌స్టాగ్రామ్ వదలమంటే మనసొప్పకపోవచ్చు. కానీ అక్కడ పోస్టు కింద రాసిన లింకు నొక్కితే పని చేయదు. లింకు పనిచేసేది బయోలో (అయిదు వరకు పెట్టుకోవచ్చు), స్టోరీకి అతికించే లింకు స్టిక్కర్‌లో. స్టోరీ 24 గంటల్లో పోతుంది. అంటే రీల్ చూసినావిడ మీ పేరు నొక్కి, బయోకి వెళ్లి, అక్కడి లింకు నొక్కి, ఆ వంట వెతుక్కోవాలి. కూర పొయ్యి మీద ఉండగా అంత ఓపిక ఎవరికుంటుంది? యూట్యూబ్ షార్ట్స్‌దీ అదే కథ. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణల్లో, కామెంట్లలో పెట్టే లింకులు పనిచేయడం మానేశాయి. వీటిలో మీకు పేరు రావచ్చు గానీ బ్లాగుకు మనుషులు రారు.

మానేసిన ఖాతాలను తీసేయకండి. బయోలో బ్లాగు లింకు పెట్టి అలాగే ఉంచండి, ఆ పేరు ఇంకొకరి పాలు కాకుండా ఉంటుంది. వాట్సాప్ ఫలితం వారంలో తెలిసిపోతుంది. పింటరెస్ట్‌కు మాత్రం మూడు నెలలు గడువివ్వకుండా తీర్పు చెప్పొద్దు.

ప్రశ్న: శాసనాలు, పాత గుళ్ల గురించి రాస్తాను. వాట్సాప్‌లో లింకు పెడితే శాతం గుర్తులతో నాలుగు వరుసల పిచ్చి గీతల్లా వస్తోంది. చూసినవాళ్లు వైరస్ అనుకుని నొక్కడం లేదు. కింద బొమ్మ కూడా ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు.
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు, మందులూ వేరు.

మొదటిది చిరునామా జబ్బు. వెబ్ చిరునామాలో తెలుగు అక్షరం వస్తే బ్రౌజర్ దాన్ని శాతం గుర్తుల సంకేతంగా మారుస్తుంది. హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు, సున్నకు విడివిడిగా తొమ్మిదేసి గుర్తులు పడతాయి. ‘కాకతీయ’ మన కంటికి నాలుగక్షరాలు. కంప్యూటరుకు క, దీర్ఘం, క, త, గుడి దీర్ఘం, య అని ఆరు. ఆరు తొమ్మిదులు 54.

మీ బ్లాగు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తుంటే దీనికి తోడు ఇంకో తిప్పలు ఉంది. టపా (బ్లాగులో వేసే ఒక్కో రచన) చిరునామా 200 గుర్తులకు మించనివ్వదు. మీరు ‘కాకతీయ శాసనాల్లో చెరువుల ప్రస్తావన’ అని శీర్షిక పెట్టారనుకోండి. ‘కాకతీయ’కు 54, ‘శాసనాల్లో’కు 81, ‘చెరువుల’కు 63, మధ్యలో గీతలు రెండు. సరిగ్గా 200 అయిపోయాయి, ‘ప్రస్తావన’ గాలికి పోయింది. కాబట్టి శీర్షిక తెలుగులోనే ఉంచి, చిరునామాను మాత్రం మూడు నాలుగు మాటల్లో ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. టపా రాసే తెరలో పక్కనున్న సెట్టింగుల్లో ‘స్లగ్’ అన్న చోట ఆ పని చేయాలి. పాత టపాలకూ మార్చవచ్చు. పాత చిరునామా నొక్కినవాళ్లను వర్డ్‌ప్రెస్ కొత్తదానికి తానే మళ్లిస్తుంది.

మీ బ్లాగు గూగుల్ వారి బ్లాగర్‌లో ఉంటే జబ్బు తిరగబడుతుంది. అది తెలుగు శీర్షికను పూర్తిగా వదిలేసి ‘బ్లాగ్-పోస్ట్_15’ అని అంకె తగిలిస్తుంది. చూడ్డానికి పొట్టిగా ఉన్నా అందులో ఏముందో ఎవరికీ తెలియదు. ప్రచురించే ముందే ‘కస్టమ్ పర్మాలింక్’లో మీరు కోరిన చిరునామా రాయండి. ప్రచురించాక మార్చాలంటే టపాను మళ్లీ డ్రాఫ్టు చేయాలి, పాత లింకు చచ్చిపోతుంది. సెట్టింగుల్లో ‘కస్టమ్ రీడైరెక్ట్స్’లో పాతదాన్నీ కొత్తదాన్నీ జత చేస్తే తప్ప బతకదు.

ఇక బొమ్మ. వాట్సాప్‌లో లింకు కింద కనబడే బొమ్మ, శీర్షిక తయారయ్యేది పంపేవాడి ఫోన్‌లోనే. లింకు అతికించీ అతికించగానే బాణం నొక్కేస్తే అవి తయారయ్యే వ్యవధి ఉండదు, ఉత్త లింకు పోతుంది. రెండు మూడు సెకన్లు ఆగి, బొమ్మ పైన కనబడ్డాకే పంపండి. ‘ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు’ అన్నదానికి చాలాసార్లు కారణం ఇంతే.

రెండో కారణం బరువు. కెమెరాలోంచి తీసిన శాసనపు రాయి ఫొటో అయిదారు ఎంబీలు ఉంటుంది. లింకు కోసం వాడే బొమ్మను 1200 × 630 పిక్సెళ్లకు తగ్గించి, 300 కేబీల లోపు ఉంచండి. సొంత హోస్టింగ్ మీద నడిచే వర్డ్‌ప్రెస్‌లో ‘ఫీచర్డ్ ఇమేజ్’ పెట్టినంత మాత్రాన సరిపోదు. లింకు బొమ్మ ఏదో బయటివాళ్లకు చెప్పే ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు కావాలి, యోస్ట్ లాంటి ప్లగిన్ వేస్తే అవి వస్తాయి. బొమ్మ మార్చినా ఫేస్‌బుక్ పాతదే చూపిస్తుంటే, అది దాచుకున్న నకలు అన్నమాట. ఫేస్‌బుక్ వారి షేరింగ్ డీబగ్గర్ పేజీలో లింకు వేసి ‘స్క్రేప్ అగైన్’ నొక్కితే కొత్తది పట్టుకుంటుంది.

బొమ్మ మీద తెలుగు రాస్తున్నట్లయితే ఒక మాట. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి ‘క్ష’ కాస్తా ‘క’, ‘ష’గా పక్కపక్కన పడితే తప్పు ఫాంటుది కాదు. పాత ఫొటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో ‘టైప్’ కింద ‘వరల్డ్-రెడీ లేఅవుట్’ ఎంచుకోవాలి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర శీర్షికలకు, మండలి చిన్న అక్షరాలకు బాగుంటాయి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత వ్యాసాలను నేరుగా అతికించవద్దు. యూనికోడ్‌లోకి మార్చకపోతే చదివేవాళ్లకు అర్థం లేని గుర్తులు కనబడతాయి, గూగుల్‌కూ అంతే.

ప్రశ్న: కథలు, కవితలు రాస్తాను. ఫేస్‌బుక్‌లో మొత్తం పెడితే అక్కడే చదివి ‘బాగుంది’ అంటారు, బ్లాగుకు ఒక్కరూ రారు. లింకు పెడితే లైకులు కూడా రావు. ఏం చేయాలి?
– హైదరాబాద్

జవాబు: తెలుగు బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చూపించే కూడలి, మాలిక, హారం లాంటి సంకలినులు సందడిగా ఉన్న రోజుల్లో టపా వేస్తే చాలు, చదివేవాళ్లు సంకలినిలో చూసి వచ్చేవారు. ఆ జనం చాలావరకు ఫేస్‌బుక్‌కు వెళ్లిపోయారు. సాహిత్యం ఒకరు చదివి ఇంకొకరికి చెబితే నడిచే సరుకు కాబట్టి మీరున్న చోటు సరైనదే. ఏది ఎక్కడ పెట్టాలన్నదే తేల్చుకోవాలి.

ఇరవై పంక్తుల కవితను ముక్క చేసి ‘మిగతాది లింకులో’ అనకండి, చదివేవాళ్లకు ఒళ్లు మండుతుంది. కవిత మొత్తం ఫేస్‌బుక్‌లో పెట్టేయండి. బ్లాగు దానికి బీరువా లాంటిది. రెండేళ్ల తరువాత ‘ఆ కవిత ఏదీ’ అని ఎవరైనా అడిగితే ఫేస్‌బుక్‌లో మీకే దొరకదు.

కథ వేరు. మొదటి 150, 200 మాటలు పోస్టులో పెట్టి లింకివ్వండి. ఆపే చోటే ముఖ్యం. టీవీ సీరియల్లా తలుపు తెరుచుకునే చోట ఆపితే గిమ్మిక్కని తెలిసిపోతుంది. ఒక మనిషి, ఒక చోటు కుదురుకుని, ఆ మనిషి ఏదో మాట అన్నాక ఆపండి. ‘సీ మోర్’ పైన కనబడేవి మొదటి నాలుగైదు పంక్తులే కాబట్టి కథను వాతావరణ వర్ణనతో మొదలుపెట్టే అలవాటుంటే, పోస్టు వరకైనా సంభాషణతో మొదలుపెట్టి చూడండి.

లింకు మొదటి కామెంటులో పెట్టమని సలహా ఇస్తుంటారు. లింకున్న పోస్టు తక్కువమందికి కనబడటం ఫేస్‌బుక్‌లో రాసే చాలామందికి అనుభవమే, అందుకని పుట్టిన ఉపాయం అది. అయితే ఎవరైనా మీ పోస్టును షేర్ చేస్తే కామెంట్లు దానివెంట పోవు. మీ కథ కొత్తవాళ్ల గోడ మీదికి వెళ్లిన వేళకే లింకు లేకుండా పోతుంది. కథల విషయంలో పోస్టులోనే లింకు ఉంచడం మా పద్ధతి.

పోస్టు పక్కన భూగోళం గుర్తు ఉందో లేదో చూసుకోండి. ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే అది ‘ఫ్రెండ్స్’కే కనబడుతుంది. మీ స్నేహితురాలు షేర్ చేసినా, మీ జాబితాలో లేని ఆవిడ స్నేహితులకు ఏమీ కనబడదు. రచయిత పేరుతో కొత్తగా పేజీ పెట్టడం కన్నా ఉన్న ప్రొఫైలే మేలు. ఫ్రెండ్స్ 5,000 దగ్గర ఆగిపోతారు గానీ ఫాలోయర్లకు ఆ హద్దు లేదు.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ చెప్పరు. పత్రికలకు, పోటీలకు పంపే కథతో ‘ఎక్కడా ప్రచురితం కాలేదు’ అని హామీపత్రం జత చేయాలి కదా. బ్లాగులో వేసినా, ఫేస్‌బుక్‌లో పెట్టినా ప్రచురించినట్టే లెక్కగట్టే పోటీలు చాలా ఉన్నాయి. పంపదలచుకున్న కథను ముందు పంపండి, ఫలితం వచ్చాకే బ్లాగు.

ప్రశ్న: మిరప, పత్తి తెగుళ్ల మీద రైతుల కోసం రాస్తాను. నలభై వాట్సాప్ గ్రూపుల్లో లింకులు పెట్టేవాణ్ణి. రిపోర్టులు కొట్టి నా నంబరును కొన్నాళ్లు ఆపేయించారు. ఛానెల్ పెట్టాలా, టెలిగ్రామ్‌కు వెళ్లాలా?
– నంద్యాల

జవాబు: రైతు ఉన్న చోటు వాట్సాప్. టెలిగ్రామ్ మంచిదే, కానీ దాన్ని ఫోన్‌లో వేయించడమే మీకు ఇంకో ఉద్యోగం అవుతుంది.

వాట్సాప్‌లో దారులు మూడు. ఒకటి గ్రూపు: 1,024 మంది వరకు పడతారు, అందరి నంబర్లు అందరికీ కనబడతాయి, పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మలు వచ్చిపడతాయి. రెండోది బ్రాడ్‌కాస్ట్ లిస్టు: 256 మంది వరకు ఒకేసారి పంపవచ్చు, ఎవరికి వారికి విడిగా వచ్చినట్టు ఉంటుంది. కానీ మీ నంబరును తన ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాడికే చేరుతుంది. ‘పంపాను, అందలేదన్నారు’ అనే ఫిర్యాదుకు మూలం ఇక్కడే. మూడోది ఛానెల్: మన దేశంలోకి 2023 సెప్టెంబరులో వచ్చింది. ఫాలో అయినవాళ్ల నంబర్లు ఒకరివొకరికి కనబడవు.

ఇవి పోటీ కావు, మూడింటికీ తలో పని ఉంది. కొత్త టపాలన్నీ ఛానెల్‌లో వేయండి. ఫాలో అయినంత మాత్రాన మోగదు, గంట గుర్తు నొక్కితేనే నోటిఫికేషన్ వస్తుందని మొదటి సందేశంలోనే చెప్పండి. మీ మండలంలో పరిచయమున్న రైతులకు బ్రాడ్‌కాస్ట్ లిస్టు. ఇతరుల గ్రూపుల్లో లింకు పడేయడం మానేసి, ఎవరైనా ఆకు ఫొటో పెట్టి అడిగినప్పుడే జవాబు రాసి, చివర లింకివ్వండి. అప్పుడు దాన్ని స్పామ్ అనరు.

ఒక్క లింకే పంపకుండా సారం కూడా రాయండి. ‘మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండింటికీ మందులు వేరు. ఎలా గుర్తుపట్టాలో ఫొటోలతో ఇక్కడ’ అని మూడు వాక్యాలు, తరువాత లింకు. సిగ్నల్ లేని చేలో పేజీ తెరుచుకోకపోయినా ఆ మూడు వాక్యాలు పనికొస్తాయి. అలాంటి సందేశాన్నే రైతు పక్క ఊరికి పంపుతాడు. ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినదాన్ని ఒక్కసారికి ఒక్కరికే పంపనిస్తుంది వాట్సాప్. అందుకని ప్రతి సీజన్‌కూ మందుల వివరాలు సరిచూసుకుని మీరే కొత్తగా పెట్టండి. పోయినేటి సందేశం తేదీ లేకుండా తిరుగుతుంటే మందుల విషయంలో ప్రమాదం కూడా. సందేశంలో నెల, సంవత్సరం తప్పక రాయండి.

టెలిగ్రామ్ ఎవరికి మంచిదంటారా? పోటీ పరీక్షల బ్లాగులకు. కొత్తగా చేరినవాళ్లకు పాతవన్నీ కనబడతాయి, వెతుక్కోవచ్చు, పీడీఎఫ్‌లు దాచుకోవచ్చు. గ్రూప్-2కు చదివే పిల్లలు ఉండేదీ అక్కడే.

ప్రశ్న: వాట్సాప్ నుంచి చాలామంది వస్తున్నారని నా నమ్మకం. గూగుల్ అనలిటిక్స్‌లో మాత్రం వాట్సాప్ పేరే లేదు.
– విశాఖపట్నం

జవాబు: మీ నమ్మకం నిజమే కావచ్చు. యాప్ నుంచి నొక్కి వచ్చినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చాలాసార్లు లెక్కకు తెలియదు, ‘డైరెక్ట్’ కింద పడేస్తుంది. లింకు చివర తోక తగిలిస్తే తేలిపోతుంది. గూగుల్ వారి ‘క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్’ పేజీలో మీ చిరునామా వేసి మూడు గళ్లు నింపండి: సోర్స్ దగ్గర వాట్సాప్, మీడియం దగ్గర ఛానెల్ లేదా గ్రూప్, క్యాంపెయిన్ దగ్గర టపాకు ఒక పొట్టి పేరు. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో రాయండి. ఒకసారి పెద్ద అక్షరంతో, ఒకసారి చిన్న అక్షరంతో రాస్తే రెండు వేర్వేరు ఖాతాలుగా చూపిస్తుంది. ఫలితం ‘ట్రాఫిక్ అక్విజిషన్’ రిపోర్టులో ఉంటుంది. బ్లాగులో ఒక టపా నుంచి ఇంకో టపాకు ఇచ్చే లింకులకు ఈ తోక వద్దు, లెక్క చెడిపోతుంది.

ప్రశ్న: మా చదువరుల్లో సగం అమెరికాలో, సగం ఇండియాలో. ఏ వేళకు పోస్టు చేస్తే ఇద్దరికీ కుదురుతుంది?
– డాలస్

జవాబు: ఇండియాలో పొద్దున 7 గంటలు. వేసవి సమయం నడిచే నెలల్లో అప్పుడు న్యూజెర్సీలో ముందురోజు రాత్రి 9:30, మీ డాలస్‌లో 8:30, కాలిఫోర్నియాలో సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మారాక ఒక్కో గంట ముందుకొస్తుంది, డాలస్‌లో 7:30 అవుతుంది. అక్కడ భోజనాలయ్యే వేళ, ఇక్కడ కాఫీ వేళ. శని, ఆదివారాలు మాత్రం జాగ్రత్త: ఇండియాలో సోమవారం పొద్దున అంటే మీకు ఆదివారం రాత్రి. ఇక్కడ హడావుడి, అక్కడ తీరిక.

ప్రశ్న: నెలకు రెండు వేలు పెట్టి ఫేస్‌బుక్‌లో బూస్ట్ చేయిస్తే లాభమేనా? పది వేల ఫాలోయర్లను ఇప్పిస్తామని ఒకరు అంటున్నారు, అది చౌకగా ఉంది.
– విజయవాడ

జవాబు: రెండోది వద్దే వద్దు. కొన్న ఫాలోయర్లు చదవరు. మీరు పెట్టినదాన్ని ముందు చూసే కొద్దిమందిలో వాళ్లూ ఉండి స్పందించకపోతే, ఇది ఎవరికీ పట్టని పోస్టని ఫేస్‌బుక్ తేల్చేస్తుంది. నిజమైన వందమందికి కూడా అప్పుడు కనబడదు.

బూస్ట్ చేయాలనుకుంటే లైకుల కోసం కాకుండా వెబ్‌సైట్‌కు మనుషులు రావాలన్న లక్ష్యం ఎంచుకోండి. లైకుల లక్ష్యం పెడితే లైకు కొట్టే అలవాటున్నవాళ్లకే చూపిస్తుంది. ఏది పెట్టినా జనం వస్తారనుకుని కొత్త టపా మీద డబ్బు పోయకండి. అప్పటికే నలుగురూ తమంతట తాము షేర్ చేసిన పాత టపా మీద అయిదు రోజులు, రోజుకు వంద చొప్పున పెట్టి చూడండి. వచ్చినవాళ్లలో ఇంకో పేజీ చదివినవాళ్లు ఎందరో చూసుకుని మిగతా పదిహేను వందల సంగతి ఆలోచించండి.

ప్రశ్న: గూగుల్ ప్రకటనలు (యాడ్‌సెన్స్) ఉన్న బ్లాగర్లం కొందరం ఒక గ్రూపు పెట్టుకుని ఒకరి ప్రకటనలు ఒకరు నొక్కుకుంటున్నాం. తప్పుందా?
– ఖమ్మం

జవాబు: ఉంది. ఈరోజే బయటికి వచ్చేయండి. గూగుల్ దీన్ని చెల్లని క్లిక్కుగా లెక్కగట్టి ఖాతానే మూసేయగలదు. మూసిన ఖాతా మళ్లీ తెరిపించడం బహు కష్టం. ఒకరి టపాలు ఒకరు చదివి షేర్ చేసుకోండి, దానికి అడ్డేమీ లేదు.

ప్రశ్న: ఎక్స్‌లో 280 అక్షరాలంటారు, తెలుగులో నాలుగు వాక్యాలకే అయిపోతోంది. లెక్క తేడా ఉందా?
– తిరుపతి

జవాబు: తేడా లేదు, మన లిపి సంగతి అంతే. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. అక్కడ స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ఆరు. ‘శ్రీకాకుళం’ పది. లింకు ఎంత పొడవున్నా 23గానే లెక్కపడుతుంది, ముందు ఖాళీ ఒకటి. కాబట్టి మీకు మిగిలేవి 256, అంటే ముప్ఫై మాటలు కాస్త అటూ ఇటూ. రాజకీయాలు, సినిమా, క్రికెట్ మీద రాసే బ్లాగైతే ఎక్స్ అక్కరకొస్తుంది. తిరుపతి చుట్టుపక్కల చూడదగ్గ చోట్ల గురించి రాస్తే ఆ శ్రమ పింటరెస్ట్‌లో పెట్టడం మేలు.

ప్రశ్న: ‘మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో తీసేస్తాం, అప్పీలుకు ఇక్కడ నొక్కండి’ అని మెసెంజర్‌లో సందేశం వచ్చింది. పేరు మెటా సపోర్ట్ అని ఉంది. నొక్కాలా? ఆరు వేలమంది ఉన్న పేజీ, పోతుందని భయంగా ఉంది.
– కాకినాడ

జవాబు: నొక్కకండి. నొక్కితేనే పోతుంది. ఆ లింకు ఫేస్‌బుక్‌లా కనబడే దొంగ పేజీకి తీసుకెళ్లి పాస్‌వర్డ్ అడుగుతుంది. నిజంగా ఉల్లంఘన ఉంటే మీ పేజీలోనే సపోర్ట్ ఇన్‌బాక్స్‌లో కనబడుతుంది. ఈమెయిల్ రూపంలో వస్తే అకౌంట్స్ సెంటర్‌లో ‘పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ’ కింద ‘రీసెంట్ ఈమెయిల్స్’ తెరిచి చూడండి. అసలువి అక్కడ జాబితాలో ఉంటాయి, లేకపోతే దొంగది.

ఈ సాయంత్రమే మూడు పనులు చేయండి. రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేసి, అది ఇచ్చే రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి ఉంచితే ఫోన్ పోయిన రోజు అవీ పోతాయి. పేజీకి మీరొక్కరే యజమాని కాకుండా ఇంట్లో నమ్మకమైన ఇంకొకరికి పూర్తి అధికారం ఇవ్వండి. బ్లాగు నకలు దింపుకోండి: బ్లాగర్‌లో సెట్టింగుల్లో ‘బ్యాకప్ కంటెంట్’, వర్డ్‌ప్రెస్‌లో ‘టూల్స్’ కింద ‘ఎక్స్‌పోర్ట్’. వర్డ్‌ప్రెస్ ఇచ్చే ఆ ఫైలులో రాతలు ఉంటాయి గానీ ఫొటోలు ఉండవు, వాటిని విడిగా దాచుకోవాలి.

ఆ ఆరు వేలమందిలో కొందరినైనా ఈమెయిల్ జాబితాలోకి తెచ్చుకోండి. టిక్‌టాక్‌ను 2020 జూన్‌లో ప్రభుత్వం నిషేధించింది, ట్విటర్ లాంటిదే, తెలుగులో కూడా నడిచిన ‘కూ’ 2024 జులైలో మూతపడింది. అక్కడి ఫాలోయర్లు ఎవరి వెంటా రాలేదు. ప్రతి టపా కింద ఈమెయిల్ అడిగే పెట్టె ఒకటి పెట్టి, పక్కన ‘నెలకు రెండు ఉత్తరాలకు మించి రావు’ అని రాయండి. ఎన్ని వస్తాయో ముందే చెబితే చిరునామా ఇవ్వడానికి జనం అంతగా జంకరు.